ఈ గొట్టం ఇంకెన్నాళ్లు?

దవాఖాన మంచం మీద పడ్డ మనిషిని చూడబోతే ఏమడుగుతాం? జ్వరం తగ్గిందా, అన్నం పోతున్నదా, రాత్రి నిద్ర పట్టిందా అని అడుగుతాం. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరు బీపీ ఎంత, షుగర్ ఎంత, స్కానింగ్ రిపోర్టు ఏమైంది అని అడుగుతాడు. మంచం పక్కన కడ్డీకి వేలాడుతున్న యూరిన్ బ్యాగు సంగతి మాత్రం ఎవరూ అడగరు. ఆపరేషన్ నాడు పెట్టిన గొట్టం నాలుగో రోజు కూడా ఎందుకున్నదో డాక్టరు చెప్పడు. సిస్టర్‌కు తీరిక ఉండదు. ఇంటివాళ్లకు అడగవచ్చని తెలియదు. పేషెంటుకు అడగాలంటే సిగ్గు. ఇందరి మౌనం మధ్య ఆ గొట్టం అట్లాగే ఉండిపోతుంది. దాన్ని పట్టుకుని క్రిములు లోపలికి పాకుతాయి. తుంటి ఎముక విరిగి వచ్చిన ముసలవ్వ ఎముక అతుక్కునే లోపే చలిజ్వరంతో వణకడం మొదలు పెడుతుంది. ఒక జబ్బుతో దవాఖానకు పోయి ఇంకో జబ్బు మోసుకురావడం అంటే ఇదే.

ఉద్యమాలు, ధర్నాలు, జీవోల గురించి రాసే పేజీల్లో ఈ మూత్రం గొట్టం గోలేమిటని కొందరు నవ్వవచ్చు. తల్లినో తండ్రినో ఒక్కసారి వార్డులో చేర్పించి, మంచం కింద చాప పరుచుకుని పడుకున్నవాళ్లు నవ్వరు. అందుకే మేం ఈ వారం దీని గురించే రాస్తున్నాం. మేం చెప్పదలుచుకున్నది ఒక్కటే. క్యాథెటర్ వల్ల వచ్చే మూత్ర ఇన్‌ఫెక్షన్‌కు కారణాలు పది ఉండవచ్చు. వాటన్నింటిలోకీ పెద్దది క్రిమి కాదు, పేషెంటు వయసు కాదు, షుగర్ కాదు. అవసరం తీరినంక కూడా ఆ గొట్టాన్ని తీయకపోవడం. ఇది విధి రాత కాదు. మనుషులు చేయాల్సిన పని చేయకపోవడం. కాబట్టి దీన్ని ప్రశ్నించవచ్చు, మార్చవచ్చు.

చిన్న గొట్టం, పెద్ద లెక్క

ముందు లెక్కలు చూద్దాం. అమెరికాలోని వ్యాధి నియంత్రణ కేంద్రం, అందరూ సీడీసీ అని పిలిచే సంస్థ, చెప్పే లెక్క ప్రకారం ఆస్పత్రిలో చేరినవాళ్లలో 15 నుంచి 25 శాతం మందికి ఏదో ఒక దశలో మూత్రం గొట్టం పెడతారు. ఆస్పత్రిలో ఉండగా అంటుకునే మూత్ర ఇన్‌ఫెక్షన్లలో దాదాపు 75 శాతం ఈ గొట్టంతో ముడిపడ్డవే. అన్ని వసతులూ, అంత సిబ్బందీ ఉన్న దేశంలోనే పరిస్థితి ఇది.

గొట్టం ఉన్న ప్రతి రోజూ మూత్రంలోకి క్రిములు చేరే అవకాశం 3 నుంచి 7 శాతం ఉంటుందని దశాబ్దాల పరిశోధన చెబుతున్నది. వినడానికి ఇది చిన్న అంకె. కానీ అప్పు మీద వడ్డీ లాగా రోజురోజుకూ పేరుకుంటుంది. వారం గడిచేసరికి గొట్టం ఉన్న ప్రతి ఐదుగురిలో ఒకరి నుంచి ఇద్దరి దాకా మూత్రంలో క్రిములుంటాయి. నెల దాటితే దాదాపు అందరిలోనూ ఉంటాయి. క్రిములు చేరిన ప్రతివారికీ జబ్బు రాదు, ఆ సంగతి కింద చెప్పుకుందాం. కానీ జ్వరం, చలి, నడుం పక్కన నొప్పి, పొత్తికడుపు నొప్పి మొదలయ్యేది అక్కడి నుంచే. కొద్దిమందిలో క్రిమి నెత్తురులోకి ఎక్కి ప్రాణం మీదికి తెస్తుంది. వంద మందిలో కొద్దిమందే కావచ్చు, ఆ కొద్దిమందిలో మనవాళ్లు ఉన్నప్పుడు శాతాలతో ఓదార్పు దొరకదు.

మన దేశంలో లెక్కపెట్టిన వాళ్లు లేకపోలేదు. 2004 జూలై నుంచి 2007 మార్చి దాకా 7 నగరాల్లోని 12 ఐసియుల్లో పది వేలకు పైగా పేషెంట్లను గమనించి ఒక అధ్యయనం అచ్చు వేశారు. వెయ్యి క్యాథెటర్ రోజులకు 1.41 మూత్ర ఇన్‌ఫెక్షన్లు తేలాయి. తక్కువే కదా అని సంబరపడొద్దు. అది నగరాల్లో, లెక్క రాసేందుకు ముందుకొచ్చిన ఆస్పత్రుల సంగతి. యూరిన్ కల్చర్‌కు పంపే ఏర్పాటే సరిగ్గా లేనిచోట ఇన్‌ఫెక్షన్ కాగితం మీదికి రాదు. కాగితం మీదికి రానిది లేనట్టే లెక్క. జ్వరం వచ్చింది, ఇంజెక్షన్ ఇచ్చారు, తగ్గింది లేదా తగ్గలేదు. గొట్టం పేరు ఏ రికార్డులోనూ ఉండదు.

ఒంటి కాపలాను గొట్టం తీసేస్తుంది

ఇది ఎట్లా జరుగుతుందో తెలిస్తే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. మన మూత్రాశయానికి సొంత కాపలా ఉన్నది. నిండినప్పుడల్లా వేగంగా ఖాళీ అవుతుంది. వాగు పొంగి చెత్తను కొట్టుకుపోయినట్టు, మూత్రధార దారిలో చేరిన క్రిములను బయటికి తోసేస్తుంది. గొట్టం పెట్టగానే ఆ ధార ఆగిపోతుంది. బొట్టుబొట్టుగా కారడమే మిగులుతుంది. గొట్టం జారిపోకుండా లోపల నీళ్లతో ఉబ్బించిన చిన్న బుడగ ఉంటుంది. ఆ బుడగ అడుగున కొంత మూత్రం ఎప్పుడూ నిలిచే ఉంటుంది. నిలిచిన నీళ్లలో దోమలు పెరిగినట్టు నిలిచిన మూత్రంలో క్రిములు పెరుగుతాయి.

క్రిములు రెండు దారుల్లో వస్తాయి. ఒకటి, గొట్టం బయటి గోడను పట్టుకుని చర్మం మీది నుంచి, మలద్వారం చుట్టుపక్కల నుంచి పైకి పాకుతాయి. రెండోది, గొట్టం లోపలి నుంచి. బ్యాగులోని మూత్రం వెనక్కి వచ్చినా, గొట్టానికీ బ్యాగుకూ మధ్య అతుకు ఊడదీసినా లోపలి దారి తెరుచుకుంటుంది. 1999లో అచ్చయిన ఒక పరిశోధనలో మూడింట రెండు వంతుల ఇన్‌ఫెక్షన్లు బయటి దారిన, ఒక వంతు లోపలి దారిన వచ్చాయని తేలింది. ఒకసారి చేరిన క్రిములు గొట్టం గోడకు జిగురు పొర కట్టుకుని దాని కింద దాక్కుంటాయి. నీళ్ల తొట్టి గోడకు పట్టిన పాచి లాంటిదే అది. మందు ఆ పొర లోపలికి సరిగ్గా చేరదు. అందుకే పాత గొట్టం అట్లాగే ఉంచి ఎన్ని ఇంజెక్షన్లు పొడిచినా జబ్బు మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది.

ఇదంతా నిన్నమొన్న కనిపెట్టింది కాదు. బుడగ ఉన్న ఈ గొట్టాన్ని అమెరికా డాక్టరు ఫ్రెడరిక్ ఫోలీ 1930లలో వాడుకలోకి తెచ్చాడు. ఈనాటికీ ఆయన పేరుతోనే ఫోలీస్ అంటున్నాం. గొట్టం పెట్టే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండని పాల్ బీసన్ అనే వైద్యుడు 1958లోనే ఒక వైద్య పత్రికలో హెచ్చరిక రాశాడు. మూత మూసిన బ్యాగు వాడితే ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయని 1966లో కునిన్, మెకార్మక్ చూపించారు. అంటే జబ్బు తెలుసు, దారి తెలుసు, మందు కూడా తెలుసు. అరవై ఏళ్లుగా తెలిసిన సంగతి వార్డు దాకా రాకపోతే తప్పు ఎవరిది?

మార్చలేనివి కొన్ని, మార్చగలిగినవి ఎన్నో

ఇన్‌ఫెక్షన్ వచ్చిందని అడిగితే తరచుగా వినబడే జవాబు ఒకటుంది. "పెద్ద మనిషి, షుగర్ ఉన్నది, ఒంట్లో శక్తి లేదు, మేమేం చేస్తాం?" ఈ జవాబులో సగం నిజం ఉన్నది. ఆ సగం నిజాన్ని మేం కాదనం. ఆడవాళ్లకు ముప్పు ఎక్కువ, ఎందుకంటే వాళ్ల మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే, మగవాళ్లకు 20 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. వయసు మీదపడ్డవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు, కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లకు, సరైన తిండి లేక చిక్కిపోయినవాళ్లకు, ఒంట్లో ఇంకోచోట ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువే. ఇవి పేషెంటు వెంట వచ్చేవి. వార్డులో చేరిన రోజున వీటిని మార్చలేం.

మిగతా సగం సంగతేమిటి? గొట్టం అవసరమా కాదా చూడకుండా పెట్టడం ఎవరి చేతిలో ఉన్నది? ఆపరేషన్ థియేటర్ బయట హడావిడిగా, చేతులు సరిగ్గా కడగకుండా పెట్టడం ఎవరి చేతిలో ఉన్నది? అతుకు ఊడదీసి మళ్లీ తగిలించడం, బ్యాగు నేల మీద పడేయడం, ఒకే జగ్గుతో పది మంచాల బ్యాగులు ఖాళీ చేయడం, ఒక పేషెంటును ముట్టిన చేతితో ఇంకో పేషెంటును ముట్టడం ఎవరి చేతిలో ఉన్నది? అన్నిటికన్నా ముఖ్యంగా, ఎన్ని రోజులు ఉంచాలన్నది ఎవరి చేతిలో ఉన్నది? ఆరు రోజులు దాటితే ముప్పు బాగా పెరుగుతుందని పరిశోధకులు తేల్చిచెప్పారు. వయసును తగ్గించలేం, రోజులను తగ్గించగలం.

ఇంకో చిత్రం చూడండి. పేషెంటు ముసలివాడు, షుగర్ ఉన్నది కాబట్టి ఇన్‌ఫెక్షన్ వచ్చిందని అంటారు. అట్లాంటి మనిషికి ముప్పు ఎక్కువని తెలిసినప్పుడు అతని గొట్టం అందరికన్నా ముందు తీయాలి కదా? జరిగేది తలకిందులు. లేవలేడు, బట్టలు తడుపుకుంటాడు, మాటిమాటికీ బెడ్‌పాన్ పెట్టాలని చెప్పి అందరికన్నా ఎక్కువ రోజులు అతనికే ఉంచుతారు. గొట్టం ఉన్నది కాబట్టి అతను మంచం దిగడు. దిగడు కాబట్టి కండలు కరుగుతాయి, వీపున పుండ్లు పడతాయి. అమెరికా వైద్యుడు సంజయ్ సెయింట్, ఆయన సహచరులు 2002లో రాసిన ఒక సంపాదకీయంలో ఈ గొట్టం మనిషిని మంచానికి కట్టేసే సంకెల కాదా అని అడిగారు. మంచి ప్రశ్న. నేరం చేయకుండానే పడ్డ సంకెల అది.

పెద్ద డాక్టరుకే తెలియదు

అదే సంజయ్ సెయింట్ బృందం 2000లో అచ్చు వేసిన ఇంకో అధ్యయనం మన విద్యార్థులంతా చదవాల్సింది. మీ పేషెంట్లలో ఎవరెవరికి క్యాథెటర్ ఉన్నదో చెప్పండని అమెరికా ఆస్పత్రుల్లోని డాక్టర్లను, వైద్య విద్యార్థులను అడిగారు. గొట్టం ఉన్న పేషెంట్ల విషయంలో మొత్తం మీద 28 శాతం జవాబుల్లో ఆ సంగతే తెలియదని తేలింది. విద్యార్థుల్లో తెలియనివి 21 శాతం. ఇంటర్న్‌లలో 22 శాతం. రెసిడెంట్లలో 27 శాతం. పేషెంటుకు పూర్తి బాధ్యత వహించే సీనియర్ డాక్టర్లలో 38 శాతం. కుర్చీ ఎంత పెద్దదైతే మంచం అంత దూరమైందన్న మాట. దాదాపు మూడో వంతు గొట్టాలు అసలు అవసరం లేకుండానే ఉన్నాయని కూడా ఆ అధ్యయనంలో తేలింది.

ఉన్నదని తెలియని గొట్టాన్ని తీయమని ఎవరు రాస్తారు? అందుకే దీనికి పరిష్కారం కొత్త మందులో, ఖరీదైన గొట్టంలో లేదు. గుర్తుచేసే ఏర్పాటులో ఉన్నది. కేస్ షీట్ మీద రోజూ గుర్తుచేసే చీటీ, లేదా ఇన్ని రోజులకు తీసేయాలని ముందే రాసిన ఉత్తర్వు పెడితే ఇన్‌ఫెక్షన్లు 52 శాతం తగ్గాయని 2010లో పలు అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ చెప్పింది. అమెరికాలోని 603 ఆస్పత్రుల్లో సిబ్బందికి శిక్షణ ఇచ్చి, రోజూ అవసరాన్ని ప్రశ్నించే అలవాటు చేయిస్తే మామూలు వార్డుల్లో ఇన్‌ఫెక్షన్లు 32 శాతం తగ్గాయని 2016లో అచ్చయిన అధ్యయనం చూపింది. ఐసియుల్లో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. దాన్ని దాచాల్సిన పని లేదు. గంటగంటకూ మూత్రం కొలవాల్సిన చోట గొట్టం తీయడం అంత సులువు కాదు. కానీ మన జనం ఎక్కువగా పడి ఉండేది మామూలు వార్డుల్లోనే. అక్కడ అడ్డమేమిటి?

నర్సును తిట్టి లాభం లేదు

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ రాత చదివి రేపు వార్డులో డ్యూటీలో ఉన్న సిస్టర్ మీద ఎగబడితే మేం రాసింది వృథా. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిబంధన ప్రకారం బోధనాస్పత్రి వార్డులో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, సాధారణ ఆస్పత్రిలో ఐదుగురికి ఒక నర్సు ఉండాలి. మీ ఊరి దవాఖానకు పోయి రాత్రి డ్యూటీలో ఎందరు పేషెంట్లకు ఒక నర్సు ఉన్నదో మీరే లెక్కపెట్టండి. నలభై మంచాలకు ఒక్క సిస్టర్ ఉన్నచోట గొట్టం తీయకపోవడానికి కారణం బద్ధకం కాదు. గొట్టం తీస్తే పేషెంటును రెండు గంటలకోసారి లేపాలి, బెడ్‌పాన్ పెట్టాలి, తడిసిన దుప్పటి మార్చాలి. ఆ పని చేసే చేతులు లేవు. చేతుల కొరతను గొట్టంతో పూడుస్తున్నారు. భర్తీ కాని పోస్టు ఖర్చు ముసలవ్వ ఒంటి మీద జ్వరంగా తేలుతున్నది.

ఆ లేని చేతుల పని ఇంటివాళ్ల నెత్తిన పడుతుంది. బ్యాగు ఖాళీ చేసేది కొడుకో కోడలో. ఎట్లా చేయాలో వాళ్లకు ఒక్క మాట చెప్పేవారుండరు. ఎక్స్‌రేకు తీసుకుపోయేటప్పుడు స్ట్రెచర్ మీద పేషెంటు కాళ్ల మధ్యనో పొట్ట మీదనో బ్యాగు పెడతారు. పాడైన మూత్రమంతా గొట్టంలోంచి వెనక్కి పోతుంది. ఇంటివాళ్లను తప్పు పట్టగలమా? చెప్పనిది ఎట్లా తెలుస్తుంది?

ఊళ్లకు పోతే కథ ఇంకా దీర్ఘం. ప్రొస్టేట్ వాచి మూత్రం ఆగిన తాతకు పట్నంలో గొట్టం పెట్టి, ఆపరేషన్‌కు తర్వాత రమ్మని పంపుతారు. తర్వాత అంటే ఎప్పుడు? పంట చేతికొచ్చాక, డబ్బు సమకూరాక, పట్నం తోడు వచ్చేవాడు దొరికాక. ఈ లోగా నెలలు గడుస్తాయి. గొట్టం పూడుకుపోతే దగ్గర్లోని ఆర్‌ఎంపీ మారుస్తాడు. కొన్ని రకాల క్రిములు మూత్రంలో రాయి లాంటి సున్నపు పెచ్చులు కట్టించి గొట్టాన్ని మూసేస్తాయి. అది తెలియక గట్టిగా లాగితే నెత్తురు. తాత ఇన్‌ఫెక్షన్‌కు అసలు కారణం క్రిమి అని రాస్తారు. వాయిదా పడ్డ ఆపరేషన్ అని ఎవరూ రాయరు.

మందులకు లొంగని క్రిమి ఎక్కడ పుట్టింది?

జ్వరం రాకపోయినా, యూరిన్ రిపోర్టులో క్రిములు కనబడగానే యాంటీబయాటిక్ మొదలు పెట్టడం ఇంకో అలవాటు. గొట్టం ఉన్న మనిషి మూత్రంలో క్రిములుండడం మామూలే అని పైన చెప్పుకున్నాం. లక్షణాలు లేనప్పుడు, గర్భిణులు, మూత్రనాళానికి ఆపరేషన్ జరగబోయేవాళ్లు వంటి కొందరికి తప్ప, మందు అవసరం లేదని వైద్య మార్గదర్శకాలన్నీ చెబుతున్నాయి. మూత్రం మసకగా ఉన్నదని, వాసన వస్తున్నదని మందు వేస్తే ఆ మందుకు లొంగే క్రిములు పోయి, లొంగనివి మిగిలి పెరుగుతాయి. శాంపిల్ కూడా బ్యాగులోంచి పట్టి ల్యాబుకు పంపుతారు. గంటల తరబడి నిలిచిన మూత్రంలో క్రిములు కాక ఇంకేముంటాయి? తప్పు శాంపిల్, తప్పు రిపోర్టు, దాని మీద ఖరీదైన మందు.

దీని ఫలితం ప్రపంచమంతా చూసింది. ఢిల్లీలో ఆస్పత్రి చికిత్స పొంది వెళ్లిన భారత సంతతి స్వీడన్ పేషెంటు మూత్రంలో 2008లో ఒక క్లెబ్సియెల్లా క్రిమి దొరికింది. కార్బపెనెమ్ వంటి బలమైన మందులనే విరిచేసే ఎంజైమ్ అందులో ఉన్నది. దానికి న్యూఢిల్లీ పేరు కలిపి ఎన్‌డీఎమ్-1 అన్నారు. 2010లో ఆ పేరు మీద మన దేశంలో పెద్ద రభస జరిగింది. పరువు పోయిందన్నారు, కుట్ర అన్నారు. పేరు గురించి అంత గొంతు చించుకున్నవాళ్లు, అట్లాంటి క్రిములు మన వార్డుల్లో ఎందుకు పెరుగుతున్నాయన్న ప్రశ్న మీద అందులో పదో వంతు మాట్లాడినా ఈపాటికి ప్రతి దవాఖానలో ఒక కల్చర్ ల్యాబు ఉండేది.

బిల్లు ఎవరు కట్టాలి?

2008 అక్టోబరు నుంచి అమెరికా ప్రభుత్వ మెడికేర్ పథకం ఒక నియమం పెట్టింది. ఆస్పత్రిలో పెట్టిన గొట్టం వల్ల ఇన్‌ఫెక్షన్ వస్తే దాని చికిత్సకు ఆస్పత్రికి అదనపు డబ్బు ఇవ్వబోమన్నది. మన దగ్గర? ప్రైవేటు ఆస్పత్రిలో ఇన్‌ఫెక్షన్ వస్తే ఇంకో వారం బెడ్ చార్జీ, ఇంకో వారం ఇంజెక్షన్లు, ఇంకో వారం ఐసియు. అంతా పేషెంటు ఇంటిమీదికే. జబ్బు ఇచ్చినవాడే దాని మీద బిల్లు వేస్తున్నాడు. సర్కారు దవాఖానలో బిల్లు ఉండదు కానీ, కూలి పోయిన రోజులు, తోడు ఉన్న కొడుకు పోగొట్టుకున్న జీతం, ఇవి ఎవరి ఖాతాలో రాయాలి?

అట్లాగని శిక్ష ఒక్కటే మందు కాదు. శిక్ష భయం ఉన్నచోట లెక్కలు దాచడం కూడా ఉంటుంది. ముందు లెక్క బయటపెట్టడం అలవాటు కావాలి. జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం 2020 జనవరిలో ఆస్పత్రుల ఇన్‌ఫెక్షన్ల నివారణకు జాతీయ మార్గదర్శకాలు విడుదల చేసింది. పుస్తకం ఉన్నది. పుస్తకాన్ని మంచం దాకా తెచ్చేవాళ్లు కావాలి.

మా డిమాండ్లు పెద్దవేమీ కావు. గొట్టం పెట్టిన తేదీ, కారణం, తీయాల్సిన తేదీ కేస్ షీట్ మీద రాయాలి, బ్యాగు మీద కూడా రాయాలి. అవసరం తీరిన గొట్టాన్ని డాక్టరు కోసం ఎదురుచూడకుండా తీసే అధికారం, ముందే రాసిన నియమాల ప్రకారం, శిక్షణ పొందిన నర్సుకు ఇవ్వాలి. నర్సులు, ఆయాల పోస్టులు నింపాలి. ప్రతి మంచానికీ వేరే జగ్గు, ప్రతి వార్డుకూ చేతులు కడిగే నల్లా, సబ్బు ఉండాలి. ప్రతి నెలా ఎన్ని క్యాథెటర్ రోజులు, ఎన్ని ఇన్‌ఫెక్షన్లు అన్నది వార్డు గోడ మీద రాయాలి. ఇందులో కోట్లు పెట్టి తెచ్చే యంత్రం ఒక్కటి కూడా లేదు.

అడగందే అమ్మయినా పెట్టదు

పాలకులు చేసేదాకా మనం చేతులు కట్టుకోవాల్సిన పని లేదు. వార్డులో రేపే చేయగలిగినవి ఉన్నాయి.

మొదటిది, అడగండి. గొట్టం పెట్టేటప్పుడు "ఎందుకు సార్, ఎన్ని రోజులు?" అని అడగండి. పెట్టినంక ప్రతి పొద్దున "సార్, ఈ పైపు ఇయ్యాల కూడా అవసరమా?" అని అడగండి. మూత్రం ఆగిపోయినప్పుడు, ప్రాణాపాయంలో గంటగంటకూ కొలవాల్సినప్పుడు, కొన్ని ఆపరేషన్లకు, కటి ఎముకో వెన్నెముకో దెబ్బతిని కదలకూడనప్పుడు, పక్కతడుపుకునే మనిషికి పిరుదుల మీద పుండ్లు మానాల్సి ఉన్నప్పుడు, చివరి రోజుల్లో ఉన్న మనిషికి ఊరట కోసం, గొట్టం నిజంగా అవసరం. అప్పుడు కాదనకండి. ఆపరేషన్ కోసం పెట్టినదైతే వేరే కారణం లేనప్పుడు 24 గంటల్లోపే తీయడం మంచిదని సీడీసీ మార్గదర్శకం చెబుతున్నది. పక్కతడుపుతున్నాడన్న ఒక్క కారణానికి గొట్టం వద్దు. మగవాళ్లకు బయటి నుంచి తొడిగే కండోమ్ క్యాథెటర్ ఉన్నది, డైపర్ ఉన్నది, వేళకు పట్టే బెడ్‌పాన్ ఉన్నది.

రెండోది, బ్యాగు ఎప్పుడూ పొత్తికడుపు కన్నా కిందనే ఉండాలి, నేలకు మాత్రం తాకొద్దు. స్ట్రెచర్ మీద కూడా ఇదే నియమం. గొట్టం మెలిక పడకుండా, లాగినట్టు కాకుండా తొడకు అంటించి ఉంచాలి. అతుకు ఊడదీయొద్దు. బ్యాగు పూర్తిగా నిండకముందే ఖాళీ చేయాలి, ముందూ తర్వాతా చేతులు సబ్బుతో కడగాలి, బ్యాగు మూతి జగ్గుకు తగలొద్దు. రోజూ స్నానం వేళ సబ్బు నీళ్లతో శుభ్రం చేస్తే చాలు, డెటాల్ లాంటి ఘాటు మందులు పూయొద్దు. శాంపిల్ బ్యాగులోంచి పడుతుంటే, గొట్టానికి ఉన్న పోర్టు నుంచి తీయమని అడగండి.

మూడోది, గొట్టాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ సొంతంగా లాగొద్దు. లోపల బుడగ నిండి ఉంటుంది, లాగితే మూత్రనాళం చీలుతుంది. గొట్టం ఉన్నప్పుడు గానీ, తీసిన మర్నాటికి గానీ చలిజ్వరం, నడుం పక్క నొప్పి, పెద్దవాళ్లలో ఉన్నట్టుండి మతి తప్పినట్టు మాట్లాడడం కనబడితే వెంటనే డాక్టరుకు చెప్పండి.

నర్సింగ్, మెడికల్ విద్యార్థులకు వేరుగా ఒక మాట. పై అధ్యయనంలో గొట్టం సంగతి అందరికన్నా బాగా తెలిసింది మీలాంటి విద్యార్థులకే. తెలిసినవాళ్లు నోరు తెరవాలి. రౌండ్స్‌లో సీనియర్ వెనక నిలబడి రాసుకోవడమే కాదు, "సార్, ఈ పేషెంటుకు క్యాథెటర్ ఐదో రోజు" అని ఒక్క మాట అనండి. ఆ ఒక్క మాటకు ఒక జ్వరాన్ని ఆపే బలం ఉన్నది. ఉద్యోగ సంఘాల మిత్రులు తమ హెల్త్ కార్డులు ఏ ఆస్పత్రిలో చెల్లుతాయన్న దాంతో పాటు, ఆ ఆస్పత్రి ఇన్‌ఫెక్షన్ లెక్కలు చూపిస్తుందా అని కూడా అడగాలి. అడిగే సంఘం ఉంటే చూపించే ఆస్పత్రి వస్తుంది.

మూత్రం గురించి మాట్లాడడం సిగ్గు కాదు. అక్కర తీరిన గొట్టాన్ని మనిషి ఒంట్లో వదిలేయడం సిగ్గు. ఆ సిగ్గు పడాల్సింది పేషెంటు కాదు. రేపు పొద్దున రౌండ్స్‌కు ముందే మంచం పక్కన నిలబడండి. చేతులు జోడించి కాదు, తల ఎత్తి అడగండి. ఈ గొట్టం ఇంకెన్నాళ్లు?